గడప లోపలి కంపు

"ఆ తలుపు ఎవ్వరూ ముట్టుకోవద్దు. వాడే వచ్చి తియ్యాలి, వాడే కడగాలి."

బువాఖం అక్క గొంతు మెట్ల కిందిదాకా వినిపించింది. నేను బొగ్గుల సంచీ దించి పైకి చూశాను. తన పడకగది తలుపుకి అడ్డంగా చాప వేసుకుని, కాళ్లు ఒక పక్కకి మడిచి కూర్చుని ఉంది. వారం నుంచీ తిండీ నిద్రా ఆ వసారాలోనే. లోపల, కిందటి ఆదివారం సంతకొచ్చిన తాగుబోతు దొర ఒకడు కక్కింది కక్కినట్టే ఉంది. పైన ఇంత బూడిద పోసి తలుపు మూసేసింది తప్ప కడగలేదు, ఎవర్నీ కడగనివ్వలేదు.

మండుటెండలు. పైగా చెక్క ఇల్లు. నేల పలకల సందుల్లోంచి ఆ కంపు కిందికి, నేను సాసేజీలు కాల్చుకునే చోటికి దిగుతోంది. వారం నుంచీ నాకు అన్నం సయించడం లేదు. జిగురన్నం ముద్ద చుట్టి నోటిదాకా తెచ్చి మళ్లీ బుట్టలో పడేస్తున్నాను.

"పిన్నీ, నువ్వైనా చెప్పు అమ్మకి," అంది నువాన్, నన్ను చూడగానే.

నువాన్ అక్కకి చిన్న కూతురు. ఈ ఇంట్లోనే పుట్టింది, ఈ ఇంట్లోకే మొగుణ్ణి తెచ్చుకుంది. నేను వాళ్లకి చుట్టాన్నేమీ కాను. ప్రతి ఆదివారం వాళ్ల మెట్ల పక్కన బండి పెట్టుకుంటాను, వాళ్ల నీళ్లు వాడుకుంటాను. అంతకంటే దగ్గరి చుట్టరికం ఈ వీధిలో ఎవరికుంది?

"నేనేం చెప్పేది? మీ అమ్మ ఎవరి మాట విన్నది గనక," అన్నాను.

"నా మాట వింటుంది," అంటూ వంటింట్లోంచి వచ్చింది కంతా. పెద్ద కూతురు. పొద్దున్నే సాన్ కంఫేంగ్‌లోని తన ఇంటి నుంచి పికప్ వ్యాను వేసుకుని దిగింది. వ్యాను వెనక తెల్లగుడ్డ కప్పిన పీట ఉంది. ఎవర్ని తీసుకెళ్లడానికి వచ్చిందో అడగక్కర్లేదు.

"మెట్లెక్కుతుంటే నాకు ఊపిరాడలేదు. ఇది ఇల్లా, సంత దొడ్డా? లే అమ్మా. పెద్దల్ని తీసుకుని మా ఇంటికి పద."

"దీనికోసమే కాచుక్కూర్చున్నావు కదక్కా," అంది నువాన్. "నీకు దొరికింది ఇవాళ."

"ఏం దొరికిందే నాకు? కక్కా?"

అక్క ఇద్దరివైపూ చూడలేదు. తమలపాకుకి సున్నం రాసుకుంటూ కూర్చుంది.

మా వైపు పోయిన పెద్దలు ఆడవాళ్ల వెంట నడుస్తారు. అమ్మ పడకగదిలో తూర్పు గోడకి వాళ్ల అర ఉంటుంది. అందులో పూలు, నీళ్లు, కొవ్వొత్తులు, తాతమ్మల నాటి వెండి గిన్నె. ఆ గిన్నె ఏ కూతురి చేతికొస్తే ఇల్లు ఆ కూతురిది. కాగితాలు తర్వాత. అందుకే ఆ గది గడప పరాయి మనిషి దాటకూడదు. దాటితే పెద్దలకి అవమానం జరిగినట్టే, ఎవడి మూలంగా జరిగిందో వాడు కోడీ సారా పెట్టి మోకాళ్ల మీద ఒప్పుకోవాలి. అలాంటిది, గడప దాటడమే కాదు, అరకి ఎదురుగా నిలబడి కడుపులో ఉన్నదంతా వెళ్లగక్కాడు ఆ దొర! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది నాకు.

వాడు పైకెలా వచ్చాడంటే, దానికి అల్లుడే కారణం. ప్రసిత్ ఆ పూటే ఒప్పుకున్నాడు. సంతకొచ్చినవాళ్లకి ఇంటి బాత్రూమ్ అద్దెకివ్వడం ఈ వీధిలో కొత్తేమీ కాదు. తా పే ద్వారం దగ్గర్నుంచి పెద్ద స్తూపం మలుపు దాకా సగం ఇళ్లు అదే పని చేస్తున్నాయి. కానీ మిగతావాళ్లు ఒక రేకుల గది కట్టి ఊరుకున్నారు. ఇతను మెట్ల కింద బాత్రూమ్‌కి రంగు దీపాలు పెట్టాడు, సబ్బుకి వేరే, కాగితానికి వేరే పుచ్చుకున్నాడు. కిందటి ఆదివారం వరస పెద్దదైందట. ఆ దొర ఆగలేనన్నాడట. అత్తగారికి మోకాళ్ల నొప్పులని పైన గదిలో కట్టించిన బాత్రూమ్ ఖాళీగా ఉంది కదా అని పంపేశాడట.

అల్లుడు కింది దేశం నుంచి, బాంకాక్ వైపు నుంచి వచ్చినవాడు, వాడికేం తెలుసు అని కొందరన్నారు. తెలియకపోవడానికి నిన్నగాక మొన్న వచ్చాడా?

అప్పుడే మెట్లెక్కి వచ్చాడతను. జుట్టుకి నూనెలాంటిదేదో పట్టించి నిగనిగలాడుతున్నాడు. అక్క ముందు వంగి దండం పెట్టాడు.

"అత్తయ్యగారూ, ఒక పనిమనిషిని మాట్లాడాను. మధ్యాహ్నం వచ్చి మందు వేసి కడిగేస్తుంది. మీకు ఈ బాధ ఉండదు."

"పరాయి మనిషి గడప దాటినందుకు కదయ్యా ఈ గొడవంతా. దాన్ని కడగడానికి ఇంకో పరాయి మనిషిని దాటిస్తావా?"

"పోనీ నువాన్ కడుగుతుంది."

"నువాన్ పంపిందా వాణ్ణి?"

నువాన్ వసారా అంచున ఆరేసిన బట్టలు తీయడం మొదలుపెట్టింది. అవి ఇంకా ఆరనేలేదు.

"నీ నోటితో పంపావు, నీ చేత్తో కడుగు," అంది అక్క. "సంత మొదలయ్యేలోపు కడిగి, కోడీ సారా పెట్టి, తప్పు నాదేనని పెద్దలకి చెప్పు. అలాగైతే గిన్నె ఇవాళే నీ పెళ్లాం చేతిలో పెడతాను. నా మోకాళ్లు ఇంక ఆ అర ముందు వంగడం లేదు. లేదంటావా, కంతా వ్యాను కిందే ఉంది."

"అమ్మా!" అంది నువాన్.

"అమ్మ లేదు, నాన్న లేదు. ఈ కంపులో పెద్దలు ఇంకో పూట ఉండరు."

కంతా నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకి తిప్పుకుంది. నాకు ఆ మొహం మీద ఉమ్మాలనిపించింది. తల్లి వారం రోజులుగా రోతలో పడుకుంటే ఒక్కసారి వచ్చి చూడనిది, గిన్నె దక్కుతుందనేసరికి పీటా గుడ్డా సర్దుకుని వచ్చింది.

ప్రసిత్ కింద వీధిలోకి ఒకసారి చూశాడు. తర్వాత తలూపాడు.

"సరే అత్తయ్యగారూ. కడుగుతాను. ఒక్క మాట. తప్పు ఒప్పుకోవడం మాత్రం లోపల కాదు, మెట్ల మీద. నలుగురి ముందూ చెప్తాను."

అక్క సున్నం వేలు ఆగిపోయింది. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"నలుగురి ముందా?"

"తప్పు చేసినప్పుడు నలుగురి ముందే చెప్పాలి కదండీ."

నేను కూడా ఒక క్షణం, పోనీలే, కుర్రాడిలో ఇంత మంచి ఉందన్నమాట అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

మధ్యాహ్నం అతను చొక్కా విప్పి, మూతికి గుడ్డ కట్టుకుని, బకెట్టూ చీపురూ తీసుకుని గదిలోకి వెళ్లాడు. అక్క గడప దగ్గర కూర్చుని చూసింది. బూడిద కదిపేసరికి లేచిన వాసనకి నేను వంటింట్లోకి పరిగెత్తాను. ఉడికే కోళ్ల మీద మూత పెట్టి, నిమ్మగడ్డి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అయినా ఆగలేదు. లోపల్నుంచి ప్రసిత్ డోకులు వినిపిస్తున్నాయి. ఒకసారి బయటికొచ్చి కిటికీ పట్టుకుని నిలబడ్డాడు, మళ్లీ వెళ్లాడు.

"పలకల సందుల్లో ఉంది చూడు," అంది అక్క.

"చూశానండీ."

"వేలితో తియ్యి. చీపురుకి రాదు."

వేలితోనే తీశాడు. అది మాత్రం నేను కళ్లారా చూశాను. నువాన్ కూడా చూసింది. నీళ్లు అందించడానికి గడప దాకా వచ్చి, అతని చేతివైపు చూసి, బకెట్టు అక్కడే పెట్టి గబగబా వెళ్లిపోయింది.

"చూడలేకపోతోంది పాపం," అన్నాను.

"మొగుడు కదా," అంది అక్క నావైపు తిరిగి. వారంలో మొదటిసారి ఆవిడ గొంతు మెత్తబడింది. "బాగానే కడుగుతున్నాడు లమూన్. చేతకానివాడనుకున్నాను."

కోళ్లు దించి, పళ్లెంలో సర్ది, సారా సీసా తుడిచి పెట్టేసరికి ఎండ వాలింది. వీధిలో బళ్లు చేరుతున్న చప్పుడు వినిపిస్తోంది. నా బండి ఎవరు కనిపెట్టుకున్నారో అన్న ధ్యాసే లేదు నాకు. అక్క తలలో పువ్వు పెట్టుకుంది, నడుముకి మంచి నేత సిన్ చుట్టుకుంది, వెండి గిన్నె రెండు చేతులా పట్టుకుంది. నేను పళ్లెం పట్టుకున్నాను. కంతా మా వెనక వచ్చింది. ముగ్గురం మెట్ల మీదికి వచ్చాం.

మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి.

వరసలు వరసలుగా ఉన్నాయి. కుర్చీల నిండా జనం. పళ్లరసం పీలుస్తున్న దొరసానులు, కర్రలకి ఫోన్లు తగిలించుకున్న బాంకాక్ కుటుంబం ఒకటి, చంకన పసిపిల్లతో ఇంకొకావిడ. నా బండి పక్కకి నెట్టేసి ఉంది. దాని స్థానంలో మా ఉత్తరాదివాళ్ల పేరుతో ఒక బోర్డు. 'లాన్నా వారి పూర్వీకుల క్షమాపణ పూజ. నేడు మాత్రమే.' దాని కింద బాణం గుర్తు వేసి 'బాత్రూమ్' అని కూడా రాసి ఉంది.

అక్క బోర్డు చదివింది. మళ్లీ చదివింది.

"ఇదేమిటి?"

ప్రసిత్ ఎక్కణ్ణుంచో ప్రత్యక్షమయ్యాడు. స్నానం చేసి, అద్దెకి తెచ్చిన నేత చొక్కా తొడుక్కుని, చెవి పక్కన మైకు తగిలించుకుని ఉన్నాడు. మధ్యాహ్నం వేలితో కక్కు తీసిన మనిషి ఇతనేనా అనిపించింది.

"నలుగురి ముందూ అన్నాను కదండీ," అన్నాడు మెల్లిగా, మైకు చేత్తో మూసి. "వీళ్లే ఆ నలుగురు."

"మా పెద్దలు నీ కంటికి ఆడించే కోతుల్లా కనపడ్డారటయ్యా?"

"పెద్దలకి కోడీ దక్కుతుంది, ఇంటికి నాలుగు డబ్బులూ వస్తాయి. ఎవరికి నష్టం అత్తయ్యగారూ?"

ఛీ అనిపించింది నాకు. నోటితో అనలేదు గానీ, చేతిలో పళ్లెం అతని నెత్తిన బోర్లించాలనిపించింది. ఇంతలో ముందు వరసలోంచి బాంకాక్ ఆవిడ చెయ్యి ఊపింది.

"అమ్మమ్మా! ఆ కోళ్లని కాస్త ఇటు తిప్పించండి. తలకాయలు కనపడటం లేదు."

"నీ తలకాయ కనపడుతోంది, చాల్లే," అన్నాను నేను. అందరూ నవ్వారు. పూజలో అదీ ఒక భాగం అనుకున్నారు కాబోలు.

"పదమ్మా," అంది కంతా తల్లి మోచెయ్యి పట్టుకుని. "ఇంకా ఏం చూడాలి నువ్వు? పద, వ్యానెక్కు."

అక్క కదలబోయింది. కానీ ప్రసిత్ అప్పటికే మెట్ల మీద మోకాళ్లూనాడు. చేతులు జోడించి, కళ్లు ఫోన్లవైపు పెట్టి, మొదలుపెట్టేశాడు.

"ఈ ఇంటి పెద్దలారా! పరాయి మగవాణ్ణి మీ గడప దాటించింది నేనే. నా నోటితో నేనే పంపాను. ఈ తప్పు నాది, ఈ ఇంట్లో ఇంకెవరిదీ కాదు..."

గొంతులో వణుకు కూడా తెచ్చాడు. ఎంత బాగా తెచ్చాడంటే, ఒక దొరసాని కళ్లు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే స్తంభాల మీది మైకుల్లోంచి జాతీయ గీతం మొదలైంది. ఆరైంది. రోజూ ఆరింటికి వస్తుందది, రాగానే ఎవరైనా నిలబడాల్సిందే.

వీధి వీధంతా ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కుర్చీల్లోవాళ్లు లేచి నిలబడ్డారు. ప్రసిత్ కూడా లేచి, చేతులు పక్కకి పెట్టుకుని నిలబడ్డాడు. అక్క గిన్నెతో నిలబడింది, నేను కోళ్లతో నిలబడ్డాను. మా వెనక తెరిచిన గదిలోంచి, ఎంత కడిగినా పోని ఆ పులిసిన వాసన సన్నగా వచ్చి మా మధ్య నిలబడింది. ముందు వరసలో పిల్ల ఒకతె ముక్కు ముడిచింది.

నువాన్ మెట్లకి పక్కగా, వసారా స్తంభాన్ని ఆనుకుని ఉంది. అందరూ ఎదురుగా చూస్తుంటే ఆమె మాత్రం మొగుణ్ణే చూస్తోంది. పెదవి పళ్ల కింద నొక్కిపెట్టి ఉంది. ఆ చూపులో కోపం లేదు. అతన్ని చూసి సిగ్గుపడుతోందనుకున్నాను. నాకూ సిగ్గుగానే ఉంది మరి, అతని తరఫున.

పాట అయిపోయింది. వీధి మళ్లీ కదిలింది. నూనె చిటపటలు, బేరాలు, బ్యాటరీ బొమ్మల కీచులు.

అక్క గట్టిగా ఊపిరి పీల్చింది. సీసా తీసుకుని మెట్టు మీద సారా పోసింది.

"వీడి వేషాలు నాకు రోత," అంది, పెద్దలతో చెప్తున్నట్టు. "ఆ మైకు రోత, ఆ కుర్చీలు రోత. కానీ కడగడం నిజంగానే కడిగాడు, నేను చూశాను. నోటితో ఒప్పుకున్నాడు, మీరు విన్నారు. ఇక్కడితో వదిలెయ్యండి."

"అమ్మా!" అంది కంతా. "దీన్ని ఒప్పుకోవడమంటారా? నాటకం ఇది!"

"నాటకమైనా మాట మాటే. మాట ఇచ్చాను నేను కూడా." అక్క పక్కకి తిరిగింది. "నువాన్, ఇలా రా. పట్టు."

వెండి గిన్నె ముందుకి చాపింది.

నువాన్ వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుంది. చేతులు చాపింది. గిన్నె అంచు వేళ్లకి తగిలిందో లేదో, కాలినట్టు వెనక్కి లాక్కుంది.

"పట్టుకోవే."

"నా వల్ల కాదమ్మా."

"ఏం?"

"వద్దు. అక్కకి ఇచ్చెయ్యి."

ప్రసిత్ మైకు పీకి జేబులో పెట్టుకుని ఒక్క అంగలో మెట్లెక్కాడు.

"నువాన్, అయిపోయింది కదా. తీసుకో. ఊరికే తీసుకో," అన్నాడు గొంతు తగ్గించి. మొదటిసారి ఆ గొంతులో నాటకం లేదు.

"నువ్వు వేలితో తీశావు," అంది నువాన్ అతనితో. "నేను చూస్తూ నిలబడ్డాను."

"ఊరుకో అంటున్నానా!"

"ఏమిటిది?" అంది అక్క.

నువాన్ తల ఎత్తలేదు.

"ఇతను పంపలేదమ్మా. ఆ టైముకి ఇతను వీధిలో కూడా లేడు, ఐస్ తేవడానికి వెళ్లాడు. నేను పంపాను."

మెట్ల కింద ఎవరో బల్బు వెలిగించారు. అక్క మొహం మీద ఆ వెలుగు పడింది. నేను చూడలేక పళ్లెంలోకి చూశాను.

"నీకు తెలియదా?" అంది అక్క. అరవలేదు. "ఆ దొరకైతే తెలియదు. ఆ గదిలో పుట్టావు. గడప మీద కాలు పెడితే నా చేత దెబ్బలు తిన్నావు. నీకు తెలియదా?"

"తెలుసు."

"తెలిసి ఎందుకు పంపావు?"

"వాడు అప్పటికే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కింద బాత్రూమ్ ఖాళీ లేదు. ఇక్కడ, ఈ మెట్ల దగ్గర కక్కేసేవాడు. వరసలో అంతమంది ఉన్నారు, పక్కనే పిన్ని బండి ఉంది. వీధిలో కక్కితే అందరూ చూస్తారు, మన వైపు ఇంకెవరూ రారు అనుకున్నాను." నువాన్ గొంతు పూర్తిగా దిగిపోయింది. "లోపలైతే ఎవరు చూస్తారులే అనుకున్నాను."

కిందటి ఆదివారం సాయంత్రం నా సాసేజీలన్నీ అమ్ముడుపోయాయి. బండి ముందు జనం విరగబడ్డారు. నా బండి కాపాడటానికి ఆ రోత పెద్దల ముందు పోయించిందా ఈ పిల్ల? వారం నుంచీ ఈ అల్లుణ్ణి తిట్టినన్ని తిట్లు నేను ఎవర్నీ తిట్టలేదు.

"మరి నువ్వెందుకు మీదేసుకున్నావు?" అని అడిగింది కంతా ప్రసిత్‌ని. వెటకారం ఎక్కడికి పోయిందో.

"నేనెలాగూ పరాయివాణ్ణి వదినా. నన్ను తిట్టుకుని ఊరుకుంటారు. తనని అయితే ఊరుకోరు."

అక్క మెట్టు మీద కూర్చుని, గిన్నె తన ఒళ్లో పెట్టుకుంది. కంతా గిన్నె వైపు చెయ్యి చాపింది. అక్క ఆ చెయ్యి మీద ఫెడీమని కొట్టింది.

"ఎవరు చూస్తారులే, అనుకున్నావు," అంది నువాన్‌తో.

నువాన్ ఏడుస్తోంది.

"అమ్మా, అయిపోయిందా పూజ?" అని కింద నుంచి బాంకాక్ ఆవిడ కేకేసింది.

"అవలేదు, కూర్చోండి," అంది అక్క. గబగబా సర్దుకుని అందరూ కూర్చున్నారు. కర్రల మీద ఫోన్లు మళ్లీ లేచాయి. అక్క అల్లుడివైపు చెయ్యి చాపింది. "నాయనా, ఆ మైకు ఇలా ఇయ్యి."

"వద్దత్తయ్యగారూ. మీ కాళ్లు పట్టుకుంటాను. కావాలంటే నన్ను ఇంట్లోంచి పంపెయ్యండి."

"నిన్నెందుకు పంపుతాను? ఇయ్యి."

అతను జేబులోంచి తీసి ఇచ్చాడు. అక్క దాన్ని కూతురి చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"వీధికి కంపు తగలకూడదనుకున్నావు కదా. ఆ వీధికే చెప్పు. లోపల ఏం పోశావో, ఎందుకు పోశావో, నీ నోటితో చెప్పు. ఆ తర్వాత ఈ గిన్నె ఎవరికివ్వాలో నేను చూసుకుంటాను."

కుర్చీల్లో గుసగుసలు ఆగాయి. నువాన్ లేచి నిలబడింది. మైకు నోటి దగ్గర పెట్టుకుంది. ముందు ఎగశ్వాసే వీధంతా వినిపించింది. "పంపింది నేనే," అంది.